జాగ్రత్త బోర్డు తీసి ప్లగ్ పాయింట్ పెట్టండి

మార్చి 4 వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం మందుల కంపెనీల్లో ఆకుపచ్చ జెండాలు లేస్తాయి. పనిచోట ప్రమాదాలు తగ్గించడానికి పెట్టిన జాతీయ భద్రతా మండలి (నేషనల్ సేఫ్టీ కౌన్సిల్) 1966లో అదే తేదీన ఏర్పడింది కాబట్టి ఏటా ఆ రోజున ప్రతిజ్ఞ, ఆ వారమంతా పోటీలు, పోస్టర్లు. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలోని ఆఫీసులకు మాత్రం ఇది పక్కింటి పెళ్లి. ఈ మధ్య ఆఫీసు ఉద్యోగుల కోసమే వేసిన ఒక భద్రతా కరపత్రం చదివాను. మెట్లు జాగ్రత్తగా ఎక్కాలి, తడి నేల మీద జాగ్రత్తగా నడవాలి, బరువులు జాగ్రత్తగా ఎత్తాలి, కరెంటుతో జాగ్రత్తగా ఉండాలి. చివరిదాకా ఇదే వరస. అన్నీ మనిషికి చెప్పినవే. మెట్టుని, నేలని, వైరుని, బీరువాని ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు.

నా అభ్యంతరమంతా అక్కడే. ఆఫీసులో ప్రమాదం చాలాసార్లు మనిషి అడుగు తప్పినప్పుడు మొదలవదు. ప్లగ్ పాయింట్ లేని గోడ పక్కన కంప్యూటర్ పెట్టిన రోజే మొదలవుతుంది. జాగ్రత్తను నమ్ముకున్న ఏర్పాటు ఏదైనా మనిషి అలసిపోయే సాయంత్రం నాలుగింటికి చేతులెత్తేస్తుంది. లెక్కలు తేల్చే మార్చి నెలాఖరులోనైతే పొద్దున్నే ఎత్తేస్తుంది.

ఇల్లు ఆఫీసుగా మారినప్పుడు

మన రెండు జిల్లాల్లో ఆఫీసు అనగానే అద్దాల మేడలు గుర్తు రావు. చిట్‌ఫండ్, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ బ్రాంచీలు, ఆడిటర్ల ఆఫీసులు చాలావరకు మేడ ఇళ్లలోనే నడుస్తాయి. కింద షాపు, పైన ఆఫీసు, ఆపైన ఇంటి ఓనరు. ఇల్లుగా అది మంచి కట్టడమే కావచ్చు. ఆఫీసుగా దానికి పుట్టుకతో వచ్చిన లోపాలుంటాయి.

ముందు మెట్లు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇంటి లోపలి మెట్టు ఎత్తు 190 మి.మీ. దాకా ఉండొచ్చు, పాదం పెట్టే వెడల్పు 250 మి.మీ. చాలు. అదే ఆఫీసు భవనమైతే ఎత్తు 150 దాటకూడదు, వెడల్పు 300 ఉండాలి. ఇంట్లో నలుగురు ఎక్కే మెట్ల మీద ఇప్పుడు రోజూ వందమంది ఎక్కి దిగుతున్నారు, అందులో పింఛను కాగితాలు పట్టుకొచ్చే పెద్దవాళ్లూ ఉంటారు. దీనికన్నా ప్రమాదకరమైనది ఎత్తులు సమానంగా లేకపోవడం. ఇల్లు కట్టిన చాన్నాళ్లకు కింద గ్రానైట్ పరిస్తే ఆఖరి మెట్టు అంగుళం పొట్టిదైపోతుంది. మొదటి రెండు మూడు మెట్లకే కాలికి ఎత్తు అలవాటైపోతుంది, మిగతావి కన్ను చూడకుండానే దిగుతుంది. ఆ అంగుళం దగ్గరే తూలి పడతారు. మెట్లు పగలగొట్టి కట్టమని ఎవరూ అనరు. అంచున జారని పసుపు పట్టీ, ఆఖరి మెట్టు దాకా ఆగకుండా వచ్చే రెయిలింగు, పైనా కిందా రెండుచోట్లా వేసుకునేలా టూవే స్విచ్చు. ఈ మూడూ ఒక రోజు పని. చాలాచోట్ల రెయిలింగు సరిగ్గా రెండు మెట్లు మిగిలుండగా ఆగిపోతుంది. అందానికట.

తర్వాత కరెంటు. పడగ్గదికి ఒక ప్లగ్ పాయింటు ఉంటుంది. అదే గదిలో ఆరు కంప్యూటర్లు, ప్రింటరు, నీళ్లు కాచుకునే కెటిల్ పెడతాం. దాంతో ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు, వాటి వైర్లు నడిచే దారికి అడ్డంగా. ఎవరో తట్టుకుంటారు. మర్నాడు వైరు మీద టేపు అంటిస్తారు, లేదా పట్టా కప్పుతారు. పట్టా కప్పడం అన్నిటికన్నా చెడ్డది. వైరు కనిపించదు, తొక్కుడికి లోపల తొడుగు నలుగుతుంది, వేడి బయటికి పోదు. గోడ వెంబడి వైర్లు దాచే కేసింగ్ పట్టీ కొట్టించి, కూర్చునే ప్రతిచోటా రెండు పాయింట్లు ఇప్పిస్తే తట్టుకోవడానికి వైరే ఉండదు. అది ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని.

లెక్క కూడా చూద్దాం. మామూలు చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. 230 వోల్టుల మీద అది మోయగలిగింది 1380 వాట్లు. టీ కెటిల్ ఒక్కటే 1500 వాట్లు ఉంటుంది. లేజర్ ప్రింటరు వేడెక్కే క్షణాల్లో వెయ్యి వాట్ల దాకా లాగగలదు. రెండూ ఒకే బాక్సు మీద ఉంటే మొదట ప్లగ్ పిన్ను వదులుగా ఉన్నచోట వేడి పుడుతుంది, సాకెట్టు కన్నాల చుట్టూ గోధుమరంగు మచ్చ వస్తుంది, కాలిన బేకలైటు వాసన వస్తుంది. ఈ మూడూ మంటకి ముందు వచ్చే కబుర్లు. కెటిల్‌కి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ విడిగా ఇవ్వాలి.

ఇక్కడ జరిగే అసలు తప్పు వేరే. ఎంసీబీ, అంటే లోడు మించితే తనే పడి కరెంటు ఆపే స్విచ్చు, మాటిమాటికీ పడిపోతోందని ఫోన్ చేస్తే వచ్చినతను 16 ఆంపియర్లది తీసి 32ది బిగించి వెళ్తాడు. ఇక పడదు, అందరికీ సంతోషం. గోడలో ఉన్నది మాత్రం అదే 2.5 చదరపు మి.మీ. వైరు. దానికి 16 లేదా 20 ఆంపియర్ల ఎంసీబీ సరి. 32ది పెట్టాక ఎంసీబీ పడేలోపే వైరు కాలుతుంది. ఎంసీబీ ఉన్నది మన పని ఆపడానికి కాదు, గోడలోని వైరుని కాపాడటానికి. అది మనిషిని షాక్ నుంచి కాపాడుతుందనుకోవడం ఇంకో పొరపాటు. ఆ పని, కరెంటు లీకవగానే లైను ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీది. దాని మీద టి అని రాసిన బొత్తాం ఉంటుంది. నెలకోసారి అది నొక్కితే టక్కున పడాలి. పడకపోతే మార్చెయ్యాలి. చాలా ఆఫీసుల్లో ఆ బొత్తాం బిగించిన రోజు నుంచి ఒక్కసారి కూడా నొక్కినవాళ్లు లేరు.

ఇన్వర్టర్ సంగతి

తుపాను ప్రాంతం కాబట్టి ఇన్వర్టర్ లేని ఆఫీసు మనకి అరుదు. దాంతో రెండు చిక్కులు.

ఒకటి, మెయిన్ ఆపినా లైన్ చావదు. ఎవరికైనా షాక్ కొడితే అందరూ మెయిన్ దగ్గరికే పరుగెడతారు. మెయిన్ ఆగీ ఆగగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, దాని మీదున్న లైట్లు, ఫ్యాన్లు, కంప్యూటర్ ప్లగ్గుల్లో 230 వోల్టులు అలాగే ఉంటాయి. మనిషి ఇంకా దానికే అతుక్కుని ఉంటాడు. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కి విడిగా ఒక స్విచ్చు, అది మెయిన్ పక్కనే ఉండాలి. "ముందు ఇది, తర్వాత అది" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాలి. బోర్డులన్నీ వృథా అని నేను అనను. భయంలో చెయ్యి ఎటు పోవాలో చెప్పే బోర్డు పనికొస్తుంది. రెండూ ఆపే వీలు లేకపోతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో మనిషిని వైరు నుంచి తప్పించాలి, చేత్తో ముట్టుకోకూడదు. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయించి వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నొక్కడం మొదలెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు తగ్గకుండా.

రెండోది బ్యాటరీ. ఇన్వర్టర్ బ్యాటరీని మెట్ల కింద అరలో, చీపుర్లు పాత చెప్పుల మధ్య పెట్టి తలుపు మూసేస్తారు. ఛార్జింగ్ చివరికొచ్చేసరికి దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక నిప్పురవ్వ చాలు. హైడ్రోజన్ తేలిక కాబట్టి పైకి చేరుతుంది, అందుకే గాలి కన్నాలు అర పైభాగంలో ఉండాలి, కింద మాత్రమే పెడితే లాభం లేదు. డిస్టిల్డ్ వాటర్ పోసే రోజు కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు కావాలి. టెర్మినళ్లు బిగించే పానా పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టాలి, ఎందుకంటే అది రెండు టెర్మినళ్ల మీద పడితే అక్కడికక్కడే ఎర్రగా కాలుతుంది. ఆసిడ్ కంట్లో పడితే ఏ చుక్కలూ వద్దు, ధారగా మంచినీళ్లతో పావుగంటకి తగ్గకుండా కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ పనికి ఎవరిని పంపుతారు? అటెండర్‌ని. కళ్లద్దాలు కొనిస్తారా అంటే మాత్రం సమాధానం ఉండదు.

పదింటికి తుడుస్తారు, పదిన్నరకి పడతారు

ఆఫీసు తెరిచేది పదింటికి, తుడిచే మనిషి వచ్చేదీ పదింటికే. జనం వచ్చే గంటా నేల తడిగా ఉండే గంటా ఒకటే. నునుపు టైలు మీద తడి అంటే చెప్పక్కర్లేదు. తడి నేల బోర్డు పెట్టడం కన్నా తుడిచే వేళ మార్చడం మేలు. సాయంత్రం మూసే ముందో, పొద్దున్న తొమ్మిది లోపో తుడిపించాలి. కుదరకపోతే వరండాని నిలువుగా సగం సగం, ఒక సగం ఆరాక రెండోది. ఫినాయిల్ ఎక్కువ పోస్తే శుభ్రం ఎక్కువవదు, జారే పొర మిగులుతుంది. సీసా మీద రాసిన కొలత చాలు. ఇక్కడ తుడిచే ఆమెను తప్పుపట్టేవాళ్లకి ఒకటే ప్రశ్న: ఆమెకి తాళం చెవి ఇచ్చారా, ముందుగా వచ్చినందుకు జీతం ఇచ్చారా?

వానాకాలంలో గుమ్మం దగ్గర కొబ్బరిపీచు పట్టా ఒకటి వేసి వదిలేస్తారు. మధ్యాహ్నానికి అది నీళ్లు పీల్చిన ముద్ద. బయట గరుకు పట్టా, లోపల అడుగున రబ్బరున్న, నీరు పీల్చే పట్టా, రెండూ కావాలి. లోపలిది ఒకటిన్నర మీటరుకి తగ్గకూడదు, రెండు పాదాలూ దాని మీద పడాలంటే అంత పొడుగు ఉండాలి. గొడుగులకి ఒక బకెట్టు. తడికి ఇంకో పుట్టిల్లు 20 లీటర్ల నీళ్ల క్యాను. 20 కేజీల క్యానుని ఎత్తి తలకిందులు చేసి స్టాండు మీద పెట్టేటప్పుడు నడుం పట్టేస్తుంది, కారిన నీరు నేల మీద మిగులుతుంది. క్యానుని నేల మీదే ఉంచి మూతికి ఛార్జింగ్ పంపు తగిలిస్తే ఎత్తడమూ లేదు, కారడమూ లేదు. ఇంత చౌకగా రెండు గాయాలు తప్పించే వస్తువు ఆఫీసులో ఇంకోటి లేదు.

రికార్డు రూము

కాగితం బరువు చాలామంది ఊహకి అందదు. 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 75 గ్రాములు తూగే) ఏ4 రీము ఒక్కటి 2.3 కేజీలు, పది రీముల పెట్టె 23 కేజీల పైమాటే. ఆ పెట్టెని నేల మీద నుంచి వంగి ఒక్కరే ఎత్తడం వల్ల వచ్చే నడుంనొప్పిని ఎవరూ ప్రమాదంగా రాసుకోరు. పెట్టెని అక్కడే చింపి రీములుగా మొయ్యమనడం, లేదా మొదటే నడుం ఎత్తు బల్ల మీద దింపించడం, ఇంతే కావాల్సింది. బరువు కట్టలు నడుముకీ భుజానికీ మధ్య అరల్లో, పాతవి అడుగున, ఖాళీ అట్టపెట్టెలు పైన. మనవాళ్లు సరిగ్గా తిరగేసి సర్దుతారు: ఎవరికీ అక్కర్లేని పాత కట్టలు పైన, బీరువా నెత్తిమీద.

నాలుగు డ్రాయర్ల ఫైలింగ్ క్యాబినెట్‌లో పై రెండూ ఒకేసారి లాగితే బరువంతా ముందుకొచ్చి మొత్తం మనిషి మీదికి ఒరుగుతుంది. కొత్తవాటిలో ఒకటి తెరిస్తే ఇంకోటి రాకుండా తాళం ఏర్పాటు ఉంటుంది, పాతవాటిలో అది ఉండదు, ఉన్నా విరిగిపోయి ఉంటుంది. వాటిని కింద డ్రాయరు నుంచి నింపుకుంటూ రావాలి. కోణాల ఇనుప రాకులని పై భాగంలో ఎల్ క్లాంపుతో గోడకి బిగించాలి. ప్లైవుడ్ పార్టిషన్‌కి బిగించి ఊరుకుంటే రాకుతో పాటు పార్టిషన్ కూడా వస్తుంది.

కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ మీద ఎక్కి నిలబడటం గురించి అందరూ తిడతారు. పై అర అందుకోవడానికి ముందుకి వంగితే కుర్చీ వెనక్కి జారుతుంది, అంతే. కానీ కుర్చీ ఎక్కకూడదని సర్క్యులర్ ఇచ్చినచోట కూడా ఎక్కుతూనే ఉంటారు, ఎందుకంటే నిచ్చెన కింది అంతస్తులో, తాళం వేసిన గదిలో ఉంటుంది. అడ్డుకోవాలంటే అదే గదిలో, రాకుకి ఆనించి, వెడల్పు కాళ్ల రెండు మెట్ల స్టూలు ఉండాలి. పది అడుగుల దూరంలో ఉన్నదాన్నే మనిషి వాడతాడు. పొడుగు నిచ్చెన గోడకి ఆనిస్తే నాలుగు అడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున కింద దూరం ఉండాలి. మడత నిచ్చెనైతే పూర్తిగా తెరిచి లాకు పడ్డాకే ఎక్కాలి.

ఒక మాట పాముల గురించి. పొలాల అంచున ఉన్న మండలాఫీసుల రికార్డు రూముల్లో వానాకాలం ఇది నవ్వులాట కాదు. తూములకి జాలీ, తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ, అడుగు అర నేలకి ఆరంగుళాల పైన. చీకట్లో కట్టల వెనక చెయ్యి పెట్టకుండా స్విచ్చు తలుపు బయట.

పైనుంచి పడేవి

సముద్రానికి దగ్గరున్న మన పాత స్లాబుల కింద కూర్చునేవాళ్లకి పెచ్చులు ఊడిపడటం కొత్త కాదు. ఉప్పుగాలి, కారే స్లాబు కలిస్తే లోపలి చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కింద కాంక్రీటు పొర విడిపోతుంది. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్ల తర్వాత చాలా కప్పులు కారాయి, తర్వాత సున్నం వేశారు. సున్నం వేస్తే పగులు కనపడదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది. కర్రతో తట్టి చూస్తే గట్టి కాంక్రీటు కంగుమంటుంది, విడిపోయినచోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్లగా పలికినచోట కింద ఆ రోజే టేబుల్ జరపాలి. రిపేరుకీ ఒక వరస ఉంది: ముందు పైన నీరు ఆపాలి, తర్వాత డొల్ల భాగమంతా కొట్టేసి చువ్వల్ని తెల్లగా మెరిసేదాకా గీకి, తుప్పు పట్టని పూత వేసి, పాలిమర్ మోర్టార్‌తో మూయాలి. గీకకుండా సిమెంటు పూస్తే రెండేళ్లలో అదే పెచ్చు ఇంకా పెద్దదై వస్తుంది. ఫ్యాన్ హుక్కూ అదే స్లాబులోని ఇనుమే. ఫ్యాన్ పై గిన్నె కిందికి జరిపి, హుక్కు తుప్పునీ బోల్టు జారిపోకుండా ఆపే స్ప్లిట్ పిన్ను ఉందో లేదో ఏడాదికోసారి చూడాలి.

తాళం వేసిన గేటు

నగదు ఉంటుందని ఫైనాన్స్ ఆఫీసుల్లో వెనక గ్రిల్ గేటుకి పగలంతా తాళం వేసి ఉంచుతారు. కిటికీలకీ గ్రిల్సే. మెట్ల దగ్గర మీటరు బోర్డు అంటుకుంటే ఉన్న ఒక్క దారీ పొగలో పోతుంది. దొంగ భయం నిజమే, దాన్ని కొట్టిపారెయ్యను. లోపలి నుంచి తాళం చెవి లేకుండా తీసుకునే గడియ పెట్టి, బయటి నుంచి చెయ్యి దూరకుండా రేకు కొడితే రెండు భయాలకీ సరిపోతుంది.

మంటలార్పే సిలిండరు ఉంది కదా అంటారు. ఎక్కడుంది? బీరువా వెనక. అది దారి పక్కన, చేతికందే ఎత్తులో ఉండాలి. పొడి (పౌడర్) సిలిండరు ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో నెలకోసారి చూడాలి. కార్బన్ డయాక్సైడ్ దానికి ముల్లు ఉండదు, తూకం వేస్తేనే తెలుస్తుంది. వాడేటప్పుడు దాని కొమ్ముని పట్టుకుంటే చలికి చెయ్యి కాలుతుంది. కంప్యూటర్లున్నచోట పొడికన్నా ఇదే మేలు, మిషన్లు పాడవవు.

ఎదురు వాదనలు

"ఏటవుద్ది బావూ, ఇన్నేళ్ల నుంచీ అలాగే ఉంది, ఏటైంది?" ఈ మాటకి జవాబు తేలిక కాదు, ఎందుకంటే అందులో నిజముంది. ఏ ఒక్క ఆఫీసు చరిత్ర చూసినా పెద్ద ప్రమాదం కనపడకపోవచ్చు. కానీ ఏమీ జరగలేదనడానికి ఆధారం ఎక్కడ? జారిపడి లేచినవాళ్లని ఎవరూ రాసుకోలేదు. ఒక నోటుపుస్తకం పెట్టి తప్పిపోయిన ప్రమాదాలు కూడా రాయాలి. అందులో తేదీ, చోటు, ఏం జరిగింది, ఏం మార్చాం అన్న నాలుగు గడులు చాలు. ఎవరి తప్పు అన్న గడి ఉండకూడదు. అది ఉన్న పుస్తకంలో ఎవరూ రాయరు. నాలుగో గడిలో "జాగ్రత్తగా ఉండమని చెప్పాం" అని రాస్తే ఆ గడి ఖాళీగా ఉన్నట్టే లెక్క.

మనుషులు నిజంగానే అజాగ్రత్తగా ఉండరా? ఉంటారు. మెట్లు దిగుతూ ఫోన్ చూసేవాణ్ణి ఏ రెయిలింగూ పూర్తిగా కాపాడదు. నేను చెప్పేది, ఫోన్ చూస్తూ దిగినవాడు కూడా మడమ బెణికి ఊరుకోవాలి గానీ తల పగలకూడదు అని. అలా చూస్తే ఏర్పాటు ముందు, హెచ్చరిక తర్వాత.

డబ్బు సంగతి కొంత ఒప్పుకోవాలి. ప్రభుత్వ ఆఫీసులో స్లాబు రిపేరుకి ప్రతిపాదన పెడితే ఎప్పటికి వస్తుందో చెప్పలేం. తుడిచే వేళ మార్చడానికి, కట్టలు కిందికి దింపడానికి, టేబుల్ జరపడానికి మంజూరు అక్కర్లేదు. అద్దె ఇంట్లోనైతే మాట చెల్లే రోజు ఒక్కటే, అడ్వాన్సు ఇచ్చే ముందు రోజు. ఆ రోజు ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకెళ్లి మూడో పిన్నుకి నిజంగా ఎర్త్ ఉందో లేదో మీటరు పెట్టి చూడాలి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య దాదాపు ఫేజుకీ న్యూట్రల్‌కీ ఉన్నంత వోల్టేజీ చూపించాలి, లోడు మీద కూడా పడిపోకూడదు. మెట్ల ఎత్తు టేపుతో కొలవాలి, స్లాబు తట్టాలి, వెనక దారి తెరిపించి చూడాలి. పాయింట్లు, ఆర్‌సీసీబీ, రెయిలింగు ఎవరి ఖర్చో అగ్రిమెంట్‌లో రాయించాలి. సంతకాలయ్యాక అడిగితే అవన్నీ అద్దెకున్నవాళ్ల ఖర్చే అవుతాయి.